రెండు సున్నపు గీతల లొట్టి

సుల్తానాబాద్‌లో నాకొక చిన్న ప్రింటింగు దుకాణం ఉంది. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, ఓట్లప్పుడు కరపత్రాలు. మొన్న ఉగాదికి వారం ముందు ముగ్గురు కుర్రాళ్లు ఒకే బండి మీద వచ్చారు. మాటల్లో తెలిసింది, మా ఊరి పిల్లలే. గోదావరి దిక్కున ఉన్న ఆ ఊరు వదిలి నాకు చాలా ఏళ్లయింది కాబట్టి వాళ్లు నన్ను గుర్తుపట్టలేదు. నేనూ చెప్పలేదు. ఎప్పుడో ఆగిపోయిన ఉగాది గుర్రాల పందెం ఈసారి మళ్లీ పెడుతున్నారట. దానికి కరపత్రం కావాలి.

"అంకుల్, మ్యాటర్ ఫోన్ల పంపినం. జర అక్షరాలు పెద్దగ కొట్టు" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

టైపు చేస్తూ పోయాను. ఆహ్వానం, బహుమతులు, వాగు దగ్గరికి దారి. చివర్లో "గమనిక" అని ఉంది. అక్కడ నా వేళ్లు ఆగిపోయాయి.

"పూర్వం ఒక కల్లుగీత కార్మికుడు మందు కలిపిన కల్లును సాకగా పట్టినందున ఒక గుర్రం చనిపోయి పందెం నిలిచిపోయినది. కావున ఈసారి కల్లు సాక నిషేధం. గుర్రాలకు, మనుషులకు ఉగాది పచ్చడి మాత్రమే ఇవ్వబడును."

రెండుసార్లు చదివాను. ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"గిది ఎవలు చెప్పిన్రు?" అని అడిగాను.

"ఊరంత చెప్తది అంకుల్. మా తాత సుత చెప్తడు. గా కల్లాయన ఊరిడిసి పోయిండట గద. తప్పు చెయ్యకుంటే ఎందుకు పోతడు?"

వాళ్లు చాయ్ తాగొస్తామని వెళ్లారు. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను. పదేళ్ల వయసులో నేను దాచిన ఒక్క సంగతి, నాకు తెలియకుండానే పెరిగి పెద్దదై, ఊరి చరిత్రగా మారి, అచ్చు వేయమని నా దుకాణానికే వచ్చింది.

ఆ గుర్రం మాది. దాన్ని చంపింది కల్లు కాదు. ఇంతకాలం చెప్పనిది ఇప్పుడు మొదటి నుంచి రాస్తున్నాను.

మా బాపుకు టాంగా ఉండేది. బస్సు దిగినవాళ్లను చుట్టుపక్కల పల్లెలకు చేర్చడం ఆయన పని. టాంగాకు కట్టే ఆడగుర్రాన్ని ఇంటిల్లిపాదీ "ఎర్రది" అనేవాళ్లం. దానికి వేరే పేరు లేదు. నానబెట్టిన శనగలు, పచ్చిగడ్డి, చెమట, తోలు పట్టీలకు రాసే ఆముదం, ఇవన్నీ కలిసిన వాసన ఎక్కడైనా తగిలితే నాకు ఇప్పటికీ మా కొట్టమే గుర్తొస్తుంది. పొద్దున్నే బాపు దాని వీపు మాలీషు చేస్తుంటే అది పై పెదవి ఎత్తి, కళ్లు సగం మూసుకుని నిలబడేది.

"సూడే, నీకు నేనెన్నడన్న గిట్ల కాళ్లు ఒత్తిన్నా?" అని బాపు కేకేసేవాడు.

"వచ్చే జల్మల నన్ను సుత గుర్రాన్నే పుట్టించుమని మొక్కుకుంట తియ్యి" అని వంటింట్లోంచి అవ్వ, అంటే మా అమ్మ, జవాబు చెప్పేది.

బాపుకు ఒకే ఒక స్నేహితుడు. మేం పిల్లలం ఆయన్ని కల్లుమామ అనేవాళ్లం. అవ్వ ఆయన్ని అన్నా అని పిలిచేది, బాపు బావా అనేవాడు. ఊరి బయట తాటివనంలో ఆయన, ఆయన తమ్ముడు చెట్లు గీసేవారు. ఎవరి చెట్లు వాళ్లవే అయినా ఇద్దరూ ఒకే వేళకు ఎక్కేవారు. ఆ ఎత్తున, మొవ్వుల దగ్గర, నడుముకు మోకు బిగించుకుని నిలబడి ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. కింద ముంజల కోసం కాచుకున్న మాకు ఆ మాటలు ఆకాశంలోంచి రాలినట్టు వినిపించేవి.

"తమ్మీ, సద్ది తెచ్చినవారా?"

"నీకు తెచ్చిన. నాది మర్సిన."

"గట్లనే ఉండాలె. పెద్దోనికి ముందుగాల."

"సగం నాకు పెట్టకుంటే నీ చెట్టు కింద ముండ్లేస్త. దిగుడు నీ ఇష్టం."

ఇద్దరూ నవ్వేవారు. ఆ నవ్వుకు మొవ్వుల్లోని పక్షులు లేచిపోయేవి.

కల్లు పట్టే మట్టి లొట్టీలను ఇద్దరూ వనం మధ్యలో ఒకేచోట బోర్లించి పెట్టేవారు. కలిసిపోకుండా మెడ దగ్గర సున్నంతో గుర్తు ఉండేది. అన్నవి ఒక గీత, తమ్ముడివి రెండు గీతలు. ఇది గీసేవాళ్లకు తెలిసిన సంగతి. తాగేవాళ్లు ఎవరూ లొట్టి మెడ వంక చూసేవారు కాదు.

నేను చెప్పే ఏడాది చలికాలంలో అన్నదమ్ముల మధ్య చెట్ల పంపకం గొడవ జరిగింది. కల్లు బాగా దిగే నాలుగు చెట్లు తనకు రావాలని తమ్ముడు పట్టుబట్టాడు. కొన్ని రోజులు చెట్ల మీది మాటలు వినపడలేదు. తర్వాత సర్దుకున్నారనే అనుకున్నాం.

మా దిక్కు ఉగాది పచ్చడి అంటే వేలితో నాకేది కాదు, చెంబుతో తాగేది. కొత్త కుండకు పసుపు రాసి, మామిడాకులు కట్టి, చింతపండు పులుసులో కొత్త బెల్లం పిసికి, మామిడికాయ ముక్కలు, కొబ్బరి, పుట్నాలు, ఆఖరున వేపపువ్వు వేసేది అవ్వ. ఎండలో తిరిగొచ్చి కుండ మూత తీస్తే ఆ చల్లని వాసనకే దప్పి సగం తీరేది. ఇంటికి ఎవరొచ్చినా గ్లాసు నిండా పోయాల్సిందే. మొదటి చెంబు మాత్రం కొట్టానికి పోయేది. అవ్వ రెండు వేళ్లు ముంచి ఎర్రదాని పెదవులకు రాసేది. వేపపువ్వు తగలగానే అది పళ్లన్నీ బయటపెట్టి మూతి తిప్పేది. "అత్తగారింట్ల ఉప్పుచారు తాగినట్టు జేస్తది సూడు" అని బాపు నవ్వేవాడు. ఆ తర్వాత పోలెలు, అదే బొబ్బట్లు, నెయ్యి. పొద్దు వాలాక పందెం.

పందెం వాగు ఇసుకలో జరిగేది. ఆ కాలానికి వాగులో నీళ్లు ఉండవు. టాంగాల గుర్రాలన్నిటినీ విప్పి, జీను లేకుండా ఉత్త వీపు మీద కూర్చుని వంతెన నుంచి నల్లగుట్ట దాకా ఉరికించేవారు. ఆదిలాబాద్ దిక్కు నుంచి కూడా ఒకాయన తెల్ల గుర్రంతో వచ్చేవాడు. పత్తి మిల్లుల దగ్గర బండి తోలేవాడట. తెలుగులో సగం మరాఠీ కలిపి మాట్లాడేవాడు.

మొదలుపెట్టే ముందు సాక పోయాలి. అది కల్లుమామ ఇంటి హక్కు, వాళ్ల తాతల నాటి నుంచీ. ఆ పొద్దు దించిన కల్లు లొట్టి భుజాన పెట్టుకుని వచ్చి ప్రతి గుర్రం గిట్టల ముందు ధారగా పోసేవాడు. తాటాకు రేకలో కొంచెం తీసి గుర్రం మూతికి తాకించేవాడు. మిగిలింది స్వారీ చేసే మనిషికి ఇచ్చేవాడు. "నేల తాగింది, గుర్రం తాగింది, ఇగ నువ్వు తాగు" అనేవాడు ప్రతిసారీ. ఆ మాట వింటే చాలు, నాకు రోమాలు నిక్కబొడుచుకునేవి.

అంతకు ముందటి ఏడాది మేం ఓడిపోయాం. మెడ పొడవు తేడాతో తెల్ల గుర్రం గెలిచింది. "కాయ్ భావూ, గుర్రాన్ని తెచ్చినవా బర్రెను తెచ్చినవా?" అన్నాడు ఆదిలాబాద్ మనిషి, అందరి ముందు. బాపు నవ్వేశాడు. ఇంటికొచ్చి పోలెల విస్తరి అట్లాగే వదిలేసి కొట్టంలో ఎర్రదాని పక్కన కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నేను మరచిపోలేకపోయాను.

మళ్లీ ఉగాది వచ్చింది. పండుగకు అయిదు రోజుల ముందే ఆదిలాబాద్ ఆయన వచ్చి వంతెన కింద దిగాడు. నేను వెళ్లి గుర్రానికి ఏం పెడతావని అడిగాను.

ఆయన పక్కనున్న మనిషికి కన్ను గీటి, "మోహాచే ఫూల్ రే పోరా! గదే, మీ ఇప్పపువ్వు. నానవెట్టి పెడితే గుర్రం ఉరకది, ఎగుర్తది" అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. అది నన్ను ఆట పట్టించే నవ్వని నాకు తట్టలేదు. రహస్యం చెప్పినందుకు నవ్వుతున్నారనుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామునే అడవి అంచుకు పోయాను. అప్పుడే రాలిన ఇప్పపువ్వు నేలంతా మీగడ ముద్దల్లా పరుచుకుని ఉంది. హోలీకి మోదుగుపూల రంగుతో తడిసిన పాత చొక్కాలో మూట కట్టాను. నానబెట్టడానికి కుండ కావాలి. ఇంట్లో అడిగితే ఎందుకని అంటారు. తాటివనంలోకి పోయి, బోర్లించిన లొట్టీల్లోంచి ఒకదాన్ని ఎవరూ చూడకుండా ఎత్తుకొచ్చాను. అందులో పువ్వు వేసి, నీళ్లు పోసి, ఆకు మూత కట్టి, కొట్టంలో గడ్డి వామి వెనక దాచాను. కడగలేదు. కడగాలని నాకు తెలియదు.

ఉగాది పొద్దున అవ్వ నూనె పెట్టి తల అంటకముందే లేచి కొట్టంలోకి పోయాను. ఆకు మూత తీస్తే తెల్లని నురుగు బుసబుసమని పొంగింది. ముక్కు అదిరిపోయే తియ్యని ఘాటు. బలం బాగా దిగిందనుకున్నాను. శనగల తొట్టిలో మొత్తం పోశాను. ఎర్రది ముందు వాసన చూసి తల వెనక్కి తీసుకుంది. తర్వాత మూతి పెట్టింది. ఆగకుండా తాగింది, పువ్వు నమిలింది, తొట్టి నాకింది, చివరికి నా అరచేతులు కూడా నాకింది. ఖాళీ లొట్టిని గడ్డిలోకి తోసి బయటికొచ్చాను. ఆ పూట ఉన్నంత సంతోషం నాకు పెళ్లి నాడు కూడా లేదు.

మధ్యాహ్నానికి ఎర్రది కుదురుగా లేదు. కాళ్లు మార్చి మార్చి వేస్తోంది, ఒళ్లంతా చెమట. బాపు కొత్త ధోవతి కట్టుకుని మురిసిపోయాడు. "సూడు బావా, ఇయ్యాల దీని ఉషారు సూడు!"

"ఎండ కొట్టిందేమో సూసుకో" అన్నాడు కల్లుమామ, దాని మెడ మీద చెయ్యి వేసి. అయినా వరుసలో అన్ని గుర్రాలకూ పోసినట్టే దీనికీ సాక పోశాడు. రేక మూతికి తాకించాడు. నేల తాగింది, గుర్రం తాగింది, ఇగ నువ్వు తాగు.

పందెం మొదలుకు గుర్తుగా ఎత్తిన రుమాలు కిందికి పడింది. గుర్రాలు కదిలాయి. ఎర్రది అందరికంటే ముందు ఉంది, ఒక గుర్రం పొడవు కాదు, నాలుగు గుర్రాల పొడవు. నేను గొంతు చించుకుని అరుస్తున్నాను. సగం దూరం దాటాక దాని తల పక్కకు వాలింది. తాగిన మనిషి తోవ వెతుక్కున్నట్టు ఒక పక్కకు పోయింది. ముందు కాళ్లు మడత పడ్డాయి. బాపు గాల్లోకి లేచి ఇసుకలో పడ్డాడు. ఎర్రది ఆయన పక్కనే పొర్లింది.

మూడుసార్లు లేవబోయింది. లేవలేదు. కడుపు ఉబ్బిపోయి, తన కడుపును తానే కాళ్లతో తన్నుకుంది. పశువుల డాక్టరు పండుగకు వాళ్ల ఊరు పోయాడు. భుజం ఎముక విరిగిన బాపు ఆ చెయ్యి వేలాడేసుకునే దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు. పొద్దు గుట్ట వెనక్కి పోయేలోపు ఎర్రది చనిపోయింది.

దాని మూతి దగ్గర వంగిన ఎవరో, "కల్లు వాసన వస్తుందిరో!" అని అరిచారు. ఆ రోజుల్లో పట్నాల్లో కల్లులో మత్తుమందు కలుపుతున్నారని ఎక్కడ చూసినా అదే మాట. జనం నోళ్లలో "మందుకల్లు" అన్న మాట ఇసుక మీద గాలిలా పాకింది. మా కొట్టం వెతికారు. గడ్డిలో లొట్టి దొరికింది.

మర్నాడు పొద్దున చావడి ముందు ఊరు కూడింది. బాపు చెయ్యి మెడకు కట్టుకుని కూర్చున్నాడు. లొట్టి మధ్యలో పెట్టారు. కల్లుమామ ఒకవైపు నిలబడ్డాడు. నన్ను ఆయనకు ఎదురుగా నిలబెట్టారు. నా వెనక గద్దె మీద ఆయన తమ్ముడు, ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు.

"ఒరే పోరగా, ఎప్పుడు సూసినా కొట్టంల ఉండేటోనివి నువ్వే. గీ లొట్టి గడ్డిలకు ఎట్లొచ్చింది?" అని పెద్దమనిషి అడిగాడు.

బాపు మొహం చూశాను. రాత్రంతా ఏడ్చిన కళ్లు.

"నాకు తెల్వదు" అన్నాను.

కల్లుమామ వంగి లొట్టిని చేతిలోకి తీసుకున్నాడు. మెడ దగ్గర చూశాడు. బొటనవేలితో దుమ్ము తుడిచినట్టు రుద్దాడు. తర్వాత తల ఎత్తి నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"లొట్టి నాదే" అన్నాడు.

"బావా, నా కడుపు కొట్టినవ్ గద బావా" అన్నాడు బాపు. కల్లుమామ లొట్టిని తిరిగి నేల మీద పెట్టాడు.

ఆయన్ని ఎవరూ కొట్టలేదు. ఇక ఆ ఇంటి సాక వద్దన్నారు. ఆయన గీసిన కల్లు ఎవరూ తాగలేదు. అవ్వ ఆయన్ని చూస్తే తలుపు వేసుకునేది. పదిరోజుల తర్వాత ఆయన, భార్య, చిన్న కూతురు మూటలతో బస్సెక్కారు. ఆయన చెట్లు తమ్ముడికి వచ్చాయి. పందెం మళ్లీ జరగలేదు. బాపు టాంగా చక్రాలు అమ్మేసి రైసుమిల్లులో బస్తాలు మోశాడు, విరిగిన భుజంతోనే. నిజం తెలియకుండానే పోయాడు. ఆఖరి రోజుల్లో కూడా "నా బావ గట్లెందుకు జేసిండో" అనేవాడు. పక్కన కూర్చుని నేను ఆయనకు మజ్జిగ తాగించేవాణ్ని.

ఇన్నేళ్లూ నేను బతికింది ఒక నమ్మకం మీద. కల్లుమామకు అంతా తెలుసు, నా కళ్లలో చూసి కనిపెట్టాడు, పిల్లవాణ్ని కాపాడదామని నింద తన మీద వేసుకున్నాడు అని. తప్పు నాదే అయినా, నా కోసం ఒక మనిషి అంత చేశాడన్న ఊహ నాకు చల్లగా ఉండేది. ఎప్పుడో ఒకసారి పోయి కాళ్లు మొక్కాలనుకునేవాణ్ని. అలా అనుకోవడమే పోయినంత పనిగా ఉండేది.

కరపత్రం తెచ్చిన కుర్రాళ్లు చాయ్ తాగి వచ్చేసరికి నేను ఆ "గమనిక" తీసేశాను. ఎందుకన్నారు. పండుగ నాడు ఊరికొచ్చి చెప్తానన్నాను. కల్లుమామ లక్సెట్టిపేటలో కూతురింట్లో ఉన్నాడని తెలుసుకుని ఉగాది పొద్దున్నే బస్సెక్కాను.

ఇంటి ముందు నులక మంచంలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగం అయ్యాడు. పాదాల మీద, నడుము మీద మోకు ఒరుసుకున్న నల్లటి కాయలు మాత్రం అట్లాగే ఉన్నాయి. కూతురు స్టీలు గ్లాసులో ఉగాది పచ్చడి తెచ్చి ఇచ్చింది.

"నేను టాంగాయన కొడుకును మామా" అన్నాను.

చాలాసేపు చూశాడు. "ఎర్రదాని ఇంటోనివా?" అన్నాడు. "మీ బాపు మంచిగున్నడా?"

లేడని చెప్పాను. పచ్చడి తాగకుండానే గ్లాసు పక్కన పెట్టి, మొత్తం చెప్పాను. ఇప్పపువ్వు, ఎత్తుకొచ్చిన లొట్టి, తొట్టి, నాకు తెల్వదు అన్న మాట. చివర్లో, "నువ్వు నా కోసం నాదే అన్నవ్ మామా. నన్ను కాపాడనీకి ఊరిడిసినవ్" అని ఆయన పాదాలు పట్టుకున్నాను.

ఆయన పాదాలు వెనక్కి తీసుకున్నాడు.

"నీ కోసమా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏమీ అర్థం కానితనం ఉంది. "నిన్ను నేను సూడనే లేదు గద బిడ్డా."

"నా దిక్కే సూసినవ్ మామా, చావడి ముందట..."

"నీ ఎనక నా తమ్ముడు నిలవడి ఉండె."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన తన బొటనవేలిని పైకెత్తి, దాన్నే చూసుకుంటూ మాట్లాడాడు.

"లొట్టి మెడకు రెండు గీతలున్నయ్. రెండు గీతలు వానియి. చెట్ల కాడ నాతోని కొట్లాడి ఉండె గద. నన్ను బద్నాం జెయ్యనీకి వాడే పొద్దుగాల్నే మందుకల్లు తాపిండనుకున్న. అయినా తమ్ముడు. ఊరు ముందట నిలవెడితే వాన్ని బతకనియ్యరనుకున్న. ఒక గీతను గీ ఏలుతోని తుడిసేసిన. నాదే అన్న."

అప్పుడు నేను చూసింది అదన్నమాట. దుమ్ము తుడవడం కాదు.

"బస్సు కాడికి వచ్చిండు వాడు. 'అన్నా, నువ్వు గట్ల జేసేటోనివి కాదు, నాదే అని ఎందుకన్నవే?' అన్నడు. నాటకాలాడుతుండనుకున్న. పదిమందిల మొకం మీద ఉమ్మిన."

ఆయన బొటనవేలిని మడిచి చెయ్యి దించాడు.

"ప్రతి ఉగాదికి వచ్చేటోళ్లతోని లొట్టి పంపేటోడు. మొదటి దించుడు అన్నకే అని. గా మోరి ఉన్నది సూడు" అని ఇంటి ముందు కాలువ చూపించాడు. "దాంట్ల పారవోసిన. ఏడాదికోటి. వాడు ఆపలే, నేను ఆపలే. నాలుగేండ్ల కింద సచ్చిపోయిండని కబురొచ్చింది. మట్టి ఎయ్యనీకి సుత పోలే."

తండ్రికి ఇంకో గ్లాసు తెస్తూ గుమ్మంలో నిలబడిపోయిన కూతురు చేతిలోంచి అది జారి గచ్చు మీద పడింది. పచ్చడి చిమ్మి వేపపువ్వు గడప మీద అంటుకుంది. "బాపూ! చిన్నబాపు ఏం జెయ్యలేదా బాపూ?" అంది. ఆమెకు కూడా చిన్నబాపు అంటే ద్రోహి అనే నేర్పి పెంచారు.

ఒక గుర్రం, మా బాపు బతుకు, ఈయన ఊరు. నా తప్పు కింద ఇవే ఉన్నాయని ఇన్నేళ్లూ అనుకున్నాను. వాటి అడుగున నేను పేరైనా తలచని ఒక మనిషి ఉన్నాడు. ఏటేటా పండుగ కల్లు పంపుతూ, ఎందుకు ఉమ్మించుకున్నాడో తెలియకుండానే చచ్చిపోయిన మనిషి. నన్ను కొడితే బాగుండుననిపించింది. ఆయన కొట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎన్ని దినాలు నానవెట్టినవ్?"

"నాలుగు."

"లొట్టి కడిగినవా?"

"లేదు మామా."

"కడుగని లొట్టిల మడ్డి ఉంటది. దాంట్ల ఏ తీపి ఏసినా పులుస్తది. ఇప్పపువ్వంటే సారనే అయితది." కళ్లు మూసుకున్నాడు. "పుట్టినకాడికెల్లి గీసినోన్ని. మూతికాడ ముక్కు వెడితే కల్లేదో, ఇప్పసారేదో సిటికెల చెప్తుంటి. వాసన సూడలే బిడ్డా. గీతలే సూసిన."

కాసేపటికి మంచం పట్టె పట్టుకుని లేచాడు. "నడువు. నాకు చెప్పుడు కాదు."

ఆటోలో ముగ్గురం మా ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. వాగు దిక్కు మైకు మోగుతోంది. ఆయన అటు చూడకుండా తాటివనం వైపు నడిచాడు. చెట్లు తగ్గిపోయాయి. తమ్ముడి కొడుకు అప్పుడే చెట్టు దిగుతున్నాడు. పెద్దబాపును ఎన్నడూ చూడని మనిషి, ఎవరో చెప్పగానే మోకు విప్పకుండానే కాళ్ల మీద పడ్డాడు. అడగకముందే ఆ పూట దించిన లొట్టి తెచ్చి చేతికిచ్చాడు. మెడ దగ్గర రెండు సున్నపు గీతలు.

వనం చివర రెండు చెట్ల మధ్య మట్టి కుప్ప, దాని మీద నాలుగు రాళ్లు. ముసలాయన లొట్టిని భుజానికి ఎత్తుకోలేక రెండు చేతులతో పొట్టకు ఆనించుకున్నాడు. మట్టి మీద ధారగా పోశాడు. నురుగు ఇంకిపోయేదాకా చూశాడు.

"నేల తాగింది. ఇగ నువ్వు తాగు తమ్మీ" అన్నాడు.

నా దిక్కు తిరిగి చెప్పమన్నట్టు తల ఊపాడు. చెప్పాను. పదేళ్లప్పుడు చావడి ముందు చెప్పవలసిన మాటలు ఆ మట్టికి చెప్పాను. వాగు ఒడ్డున జనానికి చెప్పడం తర్వాత జరిగింది. మైకులో చెప్పాను, కరపత్రం తెచ్చిన కుర్రాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. కొందరు తిట్టారు. అది పెద్ద సంగతి కాదు.

నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదిలేది వనంలోని ఆ కాసేపే. నేను చెప్పడం అయిపోయాక, నా గొంతు సరిపోలేదేమో అన్నట్టు, ఆయన తానే రాళ్ల మీదికి వంగాడు.

"గుర్రం ఇప్పపువ్వు తిన్నదటరా తమ్మీ" అన్నాడు.

అని మట్టి వంక చూడలేదు. తల ఎత్తి, పక్క చెట్టు మొవ్వు దిక్కు చూశాడు. జవాబు ఎప్పుడూ అక్కడి నుంచే కదా వచ్చేది. చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు.